రెండు గంటల రీడింగు

బాయిలర్ గది,
ఫిబ్రవరి 3, సోమవారం

అమ్మాయీ,

నువ్వూ అబ్బాయీ కులాసాగా ఉన్నారనుకుంటాను. మామయ్య నీకు విడిగా ఉత్తరం రాయడం ఇదే మొదలు కదా, కవరు మీద నా రాత చూసి కంగారుపడి ఉంటావు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. కంగారంతా నాదే.

సంగతేమిటంటే, ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఈ లాండ్రీలో ఇరవై రెండేళ్లుగా బాయిలర్ చూస్తున్నాను. ఇన్నాళ్లూ లాగ్ బుక్కులో అంకెలు వేస్తే సరిపోయేది. గంటగంటకూ ఆవిరి ప్రెషర్ ఎంత, గాజు గొట్టంలో నీటి మట్టం ఎంత, పక్కన పొట్టి సంతకం. ఇప్పుడు బీమా కంపెనీ వాళ్లు వచ్చి, ఏం జరిగిందో ఎందుకు జరిగిందో ఇంగ్లీషులో పూర్తి వాక్యాలు రాయాలన్నారట. ఏప్రిల్ రెండున పరీక్ష. పాసైనవాళ్లు బాయిలర్ దగ్గర ఉంటారు. తప్పినవాళ్లు తడి దుప్పట్ల బండి తోసుకోవాలి.

నమూనా పేపరు చూశాను. యాభై ఖాళీలు. బట్, సో, బికాజ్, ఆల్దో, అన్‌లెస్, ఇంకా ఏవేవో. వీటిలో ఏది ఎక్కడ పెడితే వాక్యం కుదురుతుందో చెప్పాలి. ఏ వాక్యానికావాక్యం బాగానే అర్థమవుతోంది. రెండూ కలపమనేసరికి తల ప్రాణం తోకకొస్తోంది.

నువ్వు బళ్లో ఇంగ్లీషు చెబుతావు. నాకూ చెప్పమ్మా. అబ్బాయికి మాత్రం చెప్పకు. వాడు నవ్వడు గానీ జాలిపడతాడు, అది నేను పడలేను. మీ అత్తయ్యకు కూడా పరీక్ష సంగతి తెలియదు.

మామయ్య


ఇల్లు, వంటగది బల్ల దగ్గర,
ఫిబ్రవరి 9, ఆదివారం

మామయ్యగారికి నమస్కారాలు.

ముందు ఒక మాట. నేను దిద్దేది ఎర్ర సిరాతో. మీ రాత మీద ఎర్ర గీతలు పెట్టాలంటే నాకు చెయ్యి ఆడదు. పెన్సిలుతో దిద్దుదామనుకున్నాను గానీ, పెన్సిలు గీతను మీరు లెక్కచెయ్యరని మీ అబ్బాయిని చూసి తెలుసుకున్నాను. కోప్పడనంటేనే మొదలుపెడతాను.

భయపడకండి. ఈ కలిపే మాటలు మనకూ ఉన్నాయి. మనం వాటిని క్రియ తోకకు తగిలిస్తాం. వాన పడింది కాబట్టి, వాన పడినా, వాన పడితే, వాన పడకపోతే. వాళ్లు ఆ తోకను కోసి విడిగా ఒక మాట చేసుకున్నారు, అంతే. ఖాళీ కనిపించగానే పదం వెతక్కండి. ముందు రెండు వాక్యాలకూ ఉన్న సంబంధం ఏమిటో మీ మాటల్లో మీరే చెప్పుకోండి. ఒకటి రెండోదానికి కారణమా? ఫలితమా? ఒకటి అవుననుకుంటే రెండోది కాదంటోందా? అది తేలాక పదం తేలిగ్గా దొరుకుతుంది.

ఇరవై వాక్యాలు పంపుతున్నాను. పోస్టు లెక్క కూడా చూసుకోండి. మీ వీధి మలుపులో డబ్బా బుధవారం రెండు గంటలకు తీస్తారు. దానికి అందితే నాకు శనివారం వస్తుంది, ఆదివారం దిద్ది పంపుతాను.

మీ కోడలు


ఇల్లు,
ఫిబ్రవరి 13, గురువారం

అమ్మాయీ,

ఎర్ర సిరాకు నేనేమీ అనుకోను. ఈ వయసులో మార్కులు వేసేవాళ్లుండడం కూడా అదృష్టమే.

నిన్న డబ్బా అందలేదు. నా షిఫ్టు ఆరు నుంచి రెండు దాకా. నా తర్వాత వచ్చే పొడుగాయన నీకు గుర్తుండే ఉంటాడు. మీ పెళ్లిలో గుమ్మం తగిలి నుదురు బొప్పి కట్టించుకున్నాడే, ఆయనే. ఆయన ఎక్కే బస్సు ఏనాడూ రెండు గంటలకు రాదు, రెండూ పదికే. ఆయన వచ్చేదాకా నేను కదలకూడదు. నేను పరుగెత్తుకెళ్లేసరికి పోస్టుమాన్ డబ్బాకు తాళం వేసి వెళ్లిపోతున్నాడు.

'నాకు ఆకలేసింది' 'నేను తిన్నాను' మధ్య బికాజ్ పెట్టాను. రాత్రి పడుకున్నాక తెలిసింది పప్పులో కాలేశానని. తిన్నందుకు ఆకలేసిందట! దిద్దుదామంటే వాక్యాల కవరు నిన్ననే అంటించేశాను, అందుకే ఈ ఉత్తరం విడిగా వేస్తున్నాను. నువ్వే నవ్వుకో.

మీ అత్తయ్య అడుగుతోంది, "పెళ్లైన కొత్తల్లో నాకు రెండు ముక్కలు రాయమంటే టైము లేదన్నారు, కోడలికి ఇన్నేసి పేజీలేమిటి?" అని. నీ ఆరోగ్యం కనుక్కుంటున్నానని చెప్పాను. అంచేత ఎవరైనా అడిగితే నీకు కొంచెం దగ్గు.

మామయ్య


స్టాఫ్ రూము, మూడో పీరియడు,
ఫిబ్రవరి 19, బుధవారం

మామయ్యగారికి నమస్కారాలు.

ఇరవైకి తొమ్మిది. ఆకలి వాక్యం స్టాఫ్ రూములో చూసి పైకే నవ్వేశాను, మా హెడ్మాస్టరు అద్దాల పైనుంచి చూశారు. దగ్గు తగ్గిందని అత్తయ్యకు చెప్పండి.

కానీ నాకు బెంగగా ఉంది. మీ ఉత్తరం నిన్న, మంగళవారం వచ్చింది. బుధవారం డబ్బా తప్పితే వారం మొత్తం పోయినట్టే. ఇంకా ఆరు వారాలే. ఆల్దో, అన్‌లెస్ ఇంకా మొదలే పెట్టలేదు. మా పిల్లల పరీక్ష పేపర్లు కూడా నెత్తిమీద ఉన్నాయి, ఆదివారం తప్ప నాకు తీరిక లేదు. ఎలాగైనా సరే, వచ్చే బుధవారం రెండింటిలోగా డబ్బాలో పడేలా చూడండి. ఒక్క పది నిమిషాలు ఎలాగోలా సర్దుకోలేరా?

గట్టిగా రాశానేమో. మీ మంచి కోసమే.

మీ కోడలు


బాయిలర్ గది, ఒంటిగంట నలభై,
ఫిబ్రవరి 26, బుధవారం

అమ్మాయీ,

ఈసారి డబ్బా తప్పదు! ఇరవై వాక్యాలూ అయిపోయాయి. కవరు మీద చిరునామా కూడా రాసేశాను. నా పని ముందే ముగించుకుని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. అయిదు నిమిషాల్లో బయలుదేరతాను.

నువ్వు చెప్పిన కిటుకు భలే పనిచేస్తోంది. నిన్న మేనేజరు వచ్చి ఆవిరి తగ్గిందేమని అడిగితే, మనసులో 'బికాజ్' అనుకుని మరీ జవాబు చెప్పాను.

ఉంటాను. పరుగెత్తాలి.

మామయ్య


ఇల్లు,
మార్చి 2, ఆదివారం

మామయ్యగారికి నమస్కారాలు.

శనివారమే అందింది! ఇరవైకి పదిహేడు. మా తొమ్మిదో తరగతిలో ఇన్ని తెచ్చుకున్నవాళ్లు ఇద్దరే ఉన్నారు. ఇలా ప్రతి బుధవారం అందిందంటే పరీక్ష మీ జేబులో ఉన్నట్టే.

ఇకనుంచి నా వాక్యాలు వద్దు. మీ పని గురించి మీరే జంటలుగా చిన్న చిన్న వాక్యాలు రాసి, మీరే కలపండి. పరీక్షలో అడిగేది అదేగా.

మీ కోడలు


ఇల్లు,
మార్చి 6, గురువారం

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. పదిహేడు సంతోషం.

ఇక్కడ బాయిలర్ గదిలో చిన్న ప్రమాదం జరిగింది. గాజు గొట్టంలో నీళ్లు అడుగంటాయి. పొడుగాయనకు మణికట్టు నుంచి మోచేతి దాకా ఆవిరి కొట్టింది. ప్రాణాపాయం లేదు. నాలుగు రోజులు లాండ్రీ ఆపేశారు.

నువ్వు చెప్పినట్టే పది జంటలు రాశాను. చూడు.

మామయ్య


స్టాఫ్ రూము,
మార్చి 11, మంగళవారం

మామయ్యగారికి నమస్కారాలు.

ప్రమాదం సంగతి రెండు ముక్కల్లో రాసి వదిలేశారు. ఆయనకు ఎలా ఉంది? మీరు ఆ సమయానికి అక్కడ లేరు కదా? లేరని రాస్తే స్థిమితపడతాను. ఆదివారం దాకా ఆగలేక ఈరోజే దిద్దాను.

తొమ్మిది బాగున్నాయి. ఆరోదే నాకు ముడిపడలేదు. 'నేను రెండు గంటల రీడింగు రాశాను', 'ఒంటిగంట నలభై అయిదుకు వెళ్లిపోయాను'. మధ్యలో 'అండ్' పెట్టారు. అది కుదరదు. 'ఆఫ్టర్' పెట్టి చూశాను, 'బిఫోర్' పెట్టి చూశాను, 'ఆల్దో' కూడా పెట్టాను. ఏది పెట్టినా అర్థం రాదు. వెళ్లిపోయిన మనిషి రెండింటి రీడింగు ఎలా రాస్తాడు? టైము తప్పు వేసినట్టున్నారు. సరిచేసి పంపండి.

చేతిరాత కూడా ఎప్పటిలా లేదు. ఒంట్లో బాగుందా?

మీ కోడలు


ఇల్లు,
మార్చి 14, శుక్రవారం

అమ్మాయీ,

ఆ ఆరో వాక్యం కొట్టెయ్. టైము తప్పు వేశాను.

పొడుగాయన చెయ్యి మానుతోంది. కానీ ఆయన్ని పనిలోంచి నిలిపేశారు. ఈ నెల ముప్పై ఒకటిన విచారణ. లాగ్ బుక్కులో రెండు గంటలకు నీళ్లు సగం గాజు దాకా ఉన్నట్టుంది, పక్కన ఆయన సంతకం ఉంది. రెండూ పదికి గాజు ఖాళీ. బాయిలర్‌కు నీళ్లెక్కించే పంపు ఆగినా పది నిమిషాల్లో అన్ని నీళ్లు పోవు, కాబట్టి నీళ్లు బయటికి వదిలే అడుగు వాల్వు తెరిచి మరిచిపోయి ఉంటాడని మేనేజరు అంటున్నాడు. నీళ్లు లేక బాయిలర్ పేలితే పక్క గదిలో ఇస్త్రీ చేసే అరవై మంది ఏమయ్యేవారని అడుగుతున్నాడు.

పొడుగాయన్ని చూడ్డానికి వెళ్లాను. "నీ చదువు ఎంతదాకా వచ్చింది?" అని అడిగాడు.

నాకు అన్నం సయించడం లేదు. మీ అత్తయ్య దగ్గు నీకా నాకా అంటోంది. పరీక్ష భయం అనుకుంటాను.

మామయ్య


ఇల్లు,
మార్చి 18, మంగళవారం

మామయ్యగారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను. చిన్నదాన్ని, మిమ్మల్ని ఇలా అడగకూడదు. అయినా అడగకుండా ఉండలేను.

మీ కాగితాలన్నీ ఒక అట్టలో దాచాను. ఆరో వాక్యం చూశాక ఫిబ్రవరి ఇరవై ఆరు నాటి ఉత్తరం తీశాను. 'బాయిలర్ గది, ఒంటిగంట నలభై' అని పైన మీరే వేశారు. పని ముందే ముగించానన్నారు. అయిదు నిమిషాల్లో బయలుదేరతానన్నారు. ఆ ఉత్తరం రెండు గంటల డబ్బాకు అందింది, అందుకే నాకు శనివారం వచ్చింది. ప్రమాదం ఏ రోజు జరిగిందో మీరు ఎక్కడా రాయలేదు. ఆ బుధవారమే కదూ?

మీరు తప్పు వేసింది టైము కాదు. ఆ వాక్యం ఉన్నదున్నట్టు జరిగింది. నేను మీ ఇంగ్లీషు తప్పనుకుని ఎర్ర సిరాతో సున్నా చుట్టాను.

డబ్బా అందుకోమని పోరింది నేను. పది నిమిషాలు సర్దుకోలేరా అని రాసింది నేను. రెండు రోజులుగా క్లాసులో ఏం చెబుతున్నానో నాకే తెలియడం లేదు. కాదని ఒక్క మాట రాయండి మామయ్యగారూ.

మీ కోడలు


ఇల్లు, మేడ మెట్లు,
మార్చి 21, శుక్రవారం

అమ్మాయీ,

కాదని రాయలేను.

పొడుగాయనకూ నాకూ ఏళ్ల తరబడి ఒక ఒప్పందం. ఆయన బస్సు ఆలస్యం కాబట్టి ఆయన గడిలో రెండు గంటల రీడింగు నేనే ముందుగా వేసి ఉంచుతాను. వచ్చి సంతకం చేసుకుంటాడు. షిఫ్టులు మారినప్పుడు నాకు ఆయన వేస్తాడు. అంకెలకు చేతిరాత ఏముంటుంది, ఎవరూ కనిపెట్టలేదు. కానీ అంకె ముందు వేసినా మనిషిని మాత్రం కదిలేవాణ్ణి కాదు. గేటు దగ్గర ఆయన తల కనిపించాకే చొక్కా మార్చుకునేవాణ్ణి. ఆ ఒక్క రోజు కదిలాను.

నేను అంకె వేసినప్పుడు నీళ్లు సగం గాజు దాకానే ఉన్నాయి. నేను గుమ్మం దాటాక పంపు ఆగి ఉంటుంది. ఆయన రెండూ పదికి వచ్చి, అలవాటు కొద్దీ ముందు సంతకం పెట్టి, తర్వాత తలెత్తి గాజు చూశాడు. ఖాళీ. వెంటనే మంట ఆర్పేశాడు. గాజు పూడుకుపోయిందేమో చూద్దామని కింది బిరడా తిప్పితే ఆవిరి చేతిమీదికి కొట్టింది. ఆయన కాలు వెనక్కి వేసి ఉంటే ఆ అరవై మంది ఉండేవారు కాదు. అలాంటి మనిషిని వాల్వు మరిచిపోయావంటున్నారు. ఆ బాయిలర్‌ను ఇరవై అయిదు నిమిషాలు దిక్కూమొక్కూ లేకుండా వదిలింది నేను.

నిన్న మళ్లీ వెళ్లి, చెప్పేద్దాం అన్నాను. "నీ పరీక్ష అయ్యేదాకా నోరెత్తకు. నా చెయ్యి ఎలాగూ కాలింది, నీ కూడు కూడా ఎందుకు పోవాలి?" అన్నాడు. పరీక్ష రెండున. విచారణ ముప్పై ఒకటిన. ఈ లెక్క ఆయనకు తెలియక కాదు.

నీకు రాయకుండా దాచుదామనే అనుకున్నాను. ఆ ఆరో వాక్యం ఎలా రాశానో నాకే తెలియదు. పని గురించి రాయమన్నావు, చెయ్యి దానంతట అదే రాసేసింది.

విచారణలో ఇవ్వడానికి ఒక కాగితం రాసుకున్నాను, పన్నెండు వాక్యాలు. దీంతోపాటు పెట్టాను. ముందుగా రీడింగు వేసి వెళ్లిపోయింది నేనేనని తొమ్మిదో వాక్యంలో ఉంది. దిద్ది పంపు. తప్పుల్లేకుండా ఉండాలి. అర్థం కాలేదని వాళ్లు పక్కన పెట్టకూడదు.

అమ్మాయీ, డబ్బా సంగతి నువ్వు మనసులో పెట్టుకోకు. కాళ్లు నావి.

మామయ్య


ఇల్లు,
మార్చి 25, మంగళవారం సాయంత్రం

మామయ్యగారికి నమస్కారాలు.

దిద్దాను. పదకొండు వాక్యాల్లో చిన్న చిన్న తప్పులే. తొమ్మిదోది కొట్టేశాను. అది అక్కర్లేదు. అది లేకుండా కూడా, పంపు ముందే ఆగి ఉండొచ్చని చెబుతున్నారు కదా, ఆయనకు ఆ మాటే చాలు. మిగతాది పరీక్ష అయ్యాక చూసుకోవచ్చు. ఇరవై రెండేళ్లు మామయ్యగారూ. అత్తయ్య గురించి ఆలోచించండి. మీ అబ్బాయి ఇప్పుడే వచ్చి, "నాన్నతో ఏమిటి ఇన్ని ఉత్తరాలు?" అన్నారు. వంటగదిలో నిలబడి ఆయనకు అబద్ధం చెప్పాను.

బుధవారం పొద్దున.

పైన రాసింది చదవకండి. చదివేసి ఉంటే మరిచిపోండి.

పొద్దున్నే లేచి మీ కాగితం మళ్లీ చదివాను. తొమ్మిదో వాక్యం తీసేస్తే ఎనిమిదికీ పదికీ మధ్య ఏ మాటా అతకడం లేదు. పిల్లలకు నేను రోజూ చెప్పే పాఠమే, నేనే తప్పబోయాను. నాకు సిగ్గేసింది. కొట్టేసిన గీత చెరుపుదామంటే ఎర్ర సిరా పోదు. అందుకని పన్నెండు వాక్యాలూ మంచి కాగితం మీద శుభ్రంగా రాసి పంపుతున్నాను. మీ చేత్తో మళ్లీ రాసుకోండి.

ఇంకొకటి. ఎందుకు ముందే వెళ్లారో మీరు రాయలేదు. అడుగుతారు. కోడలికి ఉత్తరం పోస్టు చెయ్యడానికని రాయండి. నా సంగతి బయటికొచ్చినా ఫర్వాలేదు. నాకు భయంగానే ఉంది, అయినా రాయండి.

మీ కోడలు


తడి దుప్పట్ల గది,
ఏప్రిల్ 3, గురువారం

అమ్మాయీ,

చిరునామా చూసే ఉంటావు.

సోమవారం మేనేజరూ, బీమా ఆయనా, ఇంకెవరో ఒకాయనా కూర్చున్నారు. కాగితం ఇచ్చాను. మేనేజరు రెండుసార్లు చదివాడు. "ఇంత ఇంగ్లీషు నీకెక్కడిది?" అన్నాడు. రాసింది నేను, దిద్దింది మా కోడలు అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను, ఆ సమయంలో కూడా.

ఎందుకు ముందే వెళ్లావని అడిగారు. సొంత పని అన్నాను. ఏం పని అని మళ్లీ అడిగారు. సొంత పనేనని మళ్లీ అన్నాను. నువ్వు చెప్పమన్న వాక్యం అదొక్కటే చెప్పలేదు. అది వాళ్లకెందుకమ్మా?

బాయిలర్ దగ్గరికి నన్ను ఇక రానివ్వరు. పరీక్షకూ కూర్చోనివ్వలేదు. బండి తోసుకుంటే ఉండొచ్చన్నారు. ఉంటానన్నాను. దుప్పట్లు ఇంత బరువుంటాయని ఇరవై రెండేళ్లలో తెలియలేదు. పొడుగాయనకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి పనిలోకి తీసుకున్నారు. సోమవారం నా మొహం కూడా చూడకుండా వెళ్లిపోయాడు. మంగళవారం వచ్చి నా బండి ఒక కొస పట్టుకుని తోశాడు. నీ ఎర్ర సిరా కాగితాలన్నీ ఆయనకిచ్చాను. నిన్న కట్టు మీదే పెన్ను పట్టుకుని పరీక్ష రాశాడు. ఆల్దోలు అన్నీ వచ్చాయట.

మీ అత్తయ్యకు చెప్పేశాను. పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది. తర్వాత, "నాకెందుకు చెప్పలేదు?" అంది. దానికి ఏ మాట పెట్టి జవాబు మొదలుపెట్టాలో ఇంకా తెలియలేదు. అబ్బాయికి ఈ ఉత్తరం చూపించు.

పరీక్ష లేదని మానకు. ఈ వారం పది జంటలు పెట్టాను. నిన్న బుధవారం వెయ్యలేదు. ఈరోజు షిఫ్టు అయ్యాక, చొక్కా మార్చుకుని, నడిచి వెళ్లి వేస్తాను. నీకు మంగళవారం అందుతుంది. తీరిగ్గా దిద్దు.

మామయ్య